చదువు మనది, ముద్ర ఎవరిది?

మా పెద్దబాపుకు మోటర్లు చుట్టుడు వచ్చు. ఎండాకాలం బెజ్జంకి చుట్టుపక్కల ఊర్లల్లో వోల్టేజీ పడిపోయి వ్యవసాయ మోటర్లు కాలిపోయేవి. రైతులు వాటిని మొదట్లో ఎడ్లబండ్ల మీద, తర్వాత ఆటోల్లో వేసుకొని ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. కాలిన తీగ విప్పి, చుట్లు లెక్కబెట్టి, గేజీ చూసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇచ్చేవాడు. చదివింది ఏడో తరగతి.

1990ల చివర్లో ఆయన దుబాయి పోయిండు. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర. పదో తరగతి పాసు కానివాళ్ళు కొన్ని దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ సంగతి చెప్పేదే ఆ ముద్ర. ఐటీఐ సర్టిఫికెట్ లేదు కాబట్టి వీసా హెల్పరుది. అదే సైటులో సర్టిఫికెట్ ఉన్న పిల్లగాడు ఎలక్ట్రీషియన్. కాలిన మోటరు బాగుచేసేది పెద్దబాపు, ఎలక్ట్రీషియన్ జీతం తీసుకునేది ఆ పిల్లగాడు. "వాని తప్పేముంది, వాని దగ్గర కాయిదం ఉంది" అనేవాడు పెద్దబాపు తిరిగొచ్చినంక.

ఆ కాగితం విలువ ఎక్కడి నుంచి వచ్చింది? ఒకరికి పని వచ్చని, ఒకరికి చదువు వచ్చని చెప్పే అధికారం ఎవరిది? ఇప్పుడు మన దేశంలో వృత్తివిద్య వరకు దానికి ఒక సంస్థ ఉంది. జాతీయ వృత్తివిద్యా, శిక్షణా మండలి. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎన్‌సీవీఈటీ. 2018 డిసెంబర్ 5న ప్రకటించారు, 2020 ఆగస్టు 1 నుంచి పనిచేస్తోంది. దాని గురించి చదువుతుంటే ఇదేదో కొత్తగా వచ్చిన ఢిల్లీ వ్యవహారం అనిపించలేదు. ఈ పేచీ మన దగ్గర కనీసం వందేళ్ళది.

*

నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో సర్కారు బడులు తక్కువ. ఒక పంతులు, ఒక అరుగు, ఇసుకలో అక్షరాలు, నెలకింత ధాన్యం. ఇట్లాంటి ప్రైవేటు బడులను ఖాన్గీ బడులు అనేవాళ్ళు. ఆ రోజుల్లో తెలుగు అక్షరం బతికింది ఎక్కువగా ఈ అరుగుల మీదనే. 1920ల మధ్యలో ప్రభుత్వం ఖాన్గీ పాఠశాలల మీద నిబంధనలు పెట్టింది: బడి తెరవాలంటే ముందు విద్యాశాఖ అనుమతి తీసుకోవాలి.

నియమంగా చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిల్లలకు ఎవరు ఏం చెబుతున్నారో చూసుకోవడం ఏ ప్రభుత్వమైనా చేసే పనే. కానీ అనుమతి కావాలన్నంత మాత్రాన అనుమతి దొరకదు. సర్కారు తాను బడి పెట్టని ఊళ్ళో, పెట్టుకున్నవాళ్ళను కాగితం అడిగింది. ఎన్నో బడులు మూతపడ్డాయి. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము'లో ఈ గోడు వివరంగా రాశారు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ రాజకీయాల కంటే ముందు పట్టుకున్న విషయాల్లో చదువు ఒకటి. 1935లో నాలుగో మహాసభ, బెజ్జంకికి ఎంతో దూరం లేని సిరిసిల్లలో, మాడపాటి అధ్యక్షతననే జరిగింది.

ఖాన్గీ నిబంధనల నుంచి నాకు అర్థమైంది ఒక్కటే. ప్రమాణం పేరు మీద వచ్చే ప్రతి నియమాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. ఇది చదువు బాగుపడటానికి వచ్చిందా, చదువు చెప్పేవాళ్ళను తగ్గించడానికి వచ్చిందా? కాగితం మీద ఈ రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి.

*

అదే కాలంలో హైదరాబాద్ నగరంలో మూడు ముద్రలు నడిచేవి.

మొదటిది మద్రాసుది. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. నిజాం పేరు పెట్టుకున్న కాలేజీలో, నిజాం ఖజానా డబ్బుతో చదివినా, పట్టా మాత్రం బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చేది. ఆ ముద్ర బయట చెల్లుతుంది.

రెండోది ఉస్మానియాది. 1917లో అనుకొని, 1918 ఫర్మానాతో పుట్టి, 1919లో తరగతులు మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం. ఒక భారతీయ భాషలో పైచదువులు చెప్పడం అప్పటికి పెద్ద సాహసం. దానికోసం అనువాద విభాగాన్ని పెట్టి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. ఇంగ్లీషు లేకుండా చదువు లేదన్న మాటకు అది గట్టి జవాబు. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. వాళ్ళకు ఉర్దూ ఇంకో పరాయి మెట్టు. ఒకరికి విముక్తిగా వచ్చిన ప్రమాణమే ఇంకొకరికి గోడ అయింది.

మూడోది పూనాది. దీని కథ నాకు అన్నిటికంటే ఇష్టం. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు బడి మొదలుపెట్టారు. పిల్లలు వచ్చారు, చదువు సాగింది. పరీక్ష ఎవరు పెట్టాలి? తెలుగులో చదివిన పిల్లకు ఉస్మానియా వ్యవస్థలో చోటు లేదు. అప్పుడు ఆ బడి ధోండో కేశవ్ కార్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. కార్వే పద్ధతిలో మాతృభాషలో చదవవచ్చు, పరీక్ష రాయవచ్చు. అయితే ఆ విశ్వవిద్యాలయానికే అప్పటికి చట్టబద్ధమైన గుర్తింపు లేదు. అది వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే.

అంటే గుర్తింపు దొరకని తెలుగు బడికి, గుర్తింపు లేని విశ్వవిద్యాలయం గుర్తింపునిచ్చింది. ఇప్పటి నియంత్రణ సంస్థల లెక్కలో చూస్తే ఇది చెల్లని చీటీ. కానీ ఆ పిల్లలకు వచ్చిన చదువు మాత్రం అబద్ధం కాదు. ముద్ర ముందు పుట్టి చదువు తర్వాత పుట్టదు. చదువే ముందు పుడుతుంది, ముద్ర దాని వెంట ఆలస్యంగా నడిచి వస్తుంది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిన్నటిదాకా కొలువు ఇప్పించిన చదువు ఒక్కసారిగా తేలికైపోయింది. బయటి జిల్లాల నుంచి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఉద్యోగాల్లోకి వచ్చారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్ల మీద 1952లో విద్యార్థులు రోడ్డెక్కారు, సెప్టెంబరులో హైదరాబాద్‌లో కాల్పులు జరిగాయి. అది స్థానికతకు సంబంధించిన కాగితమే కానీ జబ్బు ఒకటే. జీతం కాగితానికి కట్టినప్పుడు, కాగితాన్ని తయారుచేసే కుటీర పరిశ్రమ కూడా పుడుతుంది.

*

పెద్దబాపు దగ్గర లేని ఆ ఐటీఐ కాగితం చరిత్ర వేరు. రెండో ప్రపంచ యుద్ధానికి పనివాళ్ళు కావాలని బ్రిటిష్ ప్రభుత్వం హడావుడిగా శిక్షణ కేంద్రాలు పెట్టింది. ఆ అనుభవం మీద 1950లో చేతివృత్తుల శిక్షణ పథకం వచ్చింది. శివరావు కమిటీ సలహా మీద 1956లో ఐటీఐల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు పోయింది. సిలబస్, ప్రమాణాలు, చివరి పరీక్ష కేంద్రం దగ్గర మిగిలాయి. వాటిని చూడటానికి అదే ఏడాది ఎన్‌సీవీటీ ఏర్పడింది. కరీంనగర్‌లో ఫిట్టరు నేర్చుకున్నా కాన్పూరులో నేర్చుకున్నా ఒకే సర్టిఫికెట్ రావాలన్నది ఆలోచన. గల్ఫ్ ఏజెంటు అడిగేది ఆ కాగితాన్నే.

ఇంజనీరింగ్ వైపు కథ ఇంకాస్త వంకర. ఏఐసీటీఈ 1945లోనే పుట్టింది, కానీ సలహా ఇచ్చే సంఘంగా మాత్రమే. 1987 చట్టంతో దానికి పళ్ళు వచ్చాయి. ఈలోగా మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజుల కాలేజీలు వచ్చేశాయి. 1983లో వాటిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఆ గొడవే పెరిగి 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్న తీర్పు అయింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది ఆ తీర్పులోనే. దేశమంతా వల్లించే ఆ వాక్యం వెనక మన ఇంజనీరింగ్, మెడికల్ సీట్ల బేరం ఉందని చాలామందికి గుర్తుండదు.

2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ ఫీజుల పద్ధతిని కొట్టేసింది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఊరికో కాలేజీ లేచింది. ఆ అలలోనే నేనూ ఇంజనీరునయ్యాను. మేం చదివిన కాలేజీలో తనిఖీ అంటే పెళ్ళి లాంటిది. ముందురోజు ల్యాబులోకి కంప్యూటర్లు దిగేవి, ఎన్నడూ చూడని సార్లు స్టాఫ్ రూములో కూర్చునేవాళ్ళు, మాకు టై కట్టుకోమని ఆర్డరు. తనిఖీ అయిన మూడోనాడు కంప్యూటర్లు వచ్చిన వ్యానులోనే వెనక్కి పోయేవి. మాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది. నాలుగేళ్ళ డిగ్రీ చేతిలో పెట్టుకొని, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సుకు మళ్ళీ డబ్బు కట్టాం. 2014లో జేఎన్‌టీయూ హైదరాబాద్ చాలా కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఆపేసి, వ్యవహారం కోర్టులకు ఎక్కినప్పుడు మా బ్యాచి వాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. అదే ఏడాది భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. ఎన్‌బీఏ అక్రెడిటేషన్ ఉన్న మన కోర్సులు కొన్ని ఇతర దేశాల్లో సమానంగా చెల్లుతాయని దాని అర్థం. బయట తలుపు తెరుచుకుంటున్న ఏడాదే ఇంట్లో పునాదులు తవ్వి చూడాల్సి వచ్చింది.

*

ఈ వెనకటి సంగతులతో చూస్తే ఎన్‌సీవీఈటీ చేయాలనుకుంటున్నది అర్థమవుతుంది. అది బడి నడపదు, పరీక్ష పెట్టదు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలను వేరుగా, పరీక్షించే సంస్థలను వేరుగా గుర్తిస్తుంది, వాటి మీద కన్నేసి ఉంచుతుంది. నేర్పినవాడే మార్కులు వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు కాబట్టి ఈ విడదీత మంచిదే. రెండో పని, ప్రతి అర్హతకూ ఒక మెట్టు చూపడం. 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం పది మెట్లతో వచ్చింది. 2023లో ఎనిమిదికి తగ్గించారు. అదే ఏడాది వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం పదో తరగతి మూడో మెట్టు, ఇంటర్ నాలుగు, పీహెచ్‌డీ ఎనిమిది. 30 గంటల నేర్పు ఒక క్రెడిట్. చేతిపని మెట్లూ, పుస్తకం మెట్లూ ఒకే నిచ్చెన మీద పెట్టడం ఇందులో అసలు సంగతి. మన సమాజంలో ఈ రెండు నిచ్చెనలూ ఎందుకు వేరుగా ఉన్నాయో, ఏ కులాలు ఏ నిచ్చెన మీద ఉన్నాయో చెప్పనక్కరలేదు.

ఈ ఆలోచన మనది కాదు. న్యూజిలాండ్ 1990లో అర్హతల అథారిటీ పెట్టుకుంది. దక్షిణాఫ్రికా 1995లో చట్టం చేసింది. అక్కడ దాని వెనక కార్మిక సంఘాలున్నాయి. వర్ణవివక్ష కాలంలో నల్లజాతి కార్మికుడు ఇరవై ఏళ్ళు యంత్రం నడిపినా కాగితం మీద అనైపుణ్య కూలీయే. అతనికి వచ్చిన పనిని వచ్చినట్టు రాసివ్వండి అన్నది డిమాండు. కానీ చట్రం కాగితాలతో బరువెక్కి, 2008లో కొత్త చట్టంతో పనులు మూడు మండళ్ళకు పంచాల్సి వచ్చింది. న్యాయం కోసం పుట్టిన పద్ధతి కూడా ఫారాల కింద ఊపిరాడక ఇబ్బంది పడుతుంది.

నా రోజువారీ పని సాఫ్ట్‌వేరు. మా దగ్గర టెస్టులన్నీ పాసై, ప్రోగ్రాం మాత్రం పనిచేయని రోజులుంటాయి. టెస్టు రాసినవాడు వాడేవాడిని చూడకపోతే అట్లా అవుతుంది. కొలత అక్కర్లేదని నేననడం లేదు. మా కాలేజీలో నిజంగా కొలిచినవాడు ఒక్కడున్నా మా నాన్న ఆ రెండోసారి ఫీజు కట్టేవాడు కాదు. కొలత లేకపోతే నష్టపోయేది మొదటితరం చదువుకున్న పిల్లలే. పెద్దింటి పిల్లలకు కాలేజీ పేరు కాకపోతే ఇంటిపేరు పనిచేస్తుంది.

*

బడికి పోకుండా నేర్చినవాళ్ళకు కూడా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇప్పుడుంది. పూర్వ అభ్యసన గుర్తింపు అంటారు. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం కూడా చేతివృత్తులవాళ్ళకు ధ్రువపత్రం ఇస్తుంది. ఆ 18 వృత్తుల్లో కమ్మరి, కంసాలి, కుమ్మరి ఉన్నారు. మోటర్లు చుట్టేవాళ్ళు లేరు. జాబితా అంటేనే ఎవరో ఒకరు బయట ఉండిపోతారు.

పోయినసారి ఊరికి పోయినప్పుడు పెద్దబాపుకు ఈ మొదటి పద్ధతి గురించి చెప్పిన. ఆయన దగ్గర ఇప్పుడు ఐటీఐ పాసైన పిల్లగాడొకడు పని నేర్చుకుంటున్నడు. సర్టిఫికెట్ ఉన్నవాడు సర్టిఫికెట్ లేనివాని దగ్గర. పెద్దబాపు తీగ చుడుతూనే అంతా విని, "మరి నాకు పరీక్ష పెట్టేటాయనకు చుట్టుడు వచ్చునారా?" అని అడిగిండు.

తెల్వదన్న. ఖాన్గీ బడి పంతులు విద్యాశాఖను, మాడపాటివారు ఉస్మానియాను, మా బ్యాచి తనిఖీకి వచ్చిన పెద్దమనుషులను అడగాల్సిన ప్రశ్న కూడా అదే. ఎన్‌సీవీఈటీ లాంటి సంస్థ పుట్టింది ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే. ఆ జవాబు ఢిల్లీలో ఉంటే చాలదు, బెజ్జంకి దాకా రావాలి.