పాత్రప్రవేశమునకు ముందు

తెలుగువారు నాటకములోని వ్యక్తిని పాత్ర యందురు. వంటయింటి గిన్నెనుగూడ పాత్ర యనియే యందురు. ఈ రెండింటికి ఒకే మాట యుండుట వెనుక ఒక ప్రాచీనమైన ఆలోచన కలదు. సుమారు వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీరదేశమున నుండిన అభినవగుప్తుడు భరతుని నాట్యశాస్త్రమునకు వ్యాఖ్య వ్రాయుచు, రసమును ఆస్వాదించువాడు ప్రేక్షకుడే యనియు, నటుడు ఆ ఆస్వాదమునకు సాధనమనియు, అందుచేతనే అతనికి పాత్ర యను పేరు కలిగెననియు వివరించెను. పానీయపు రుచి త్రాగువానికి తెలియునుగాని గిన్నెకు తెలియదు గదా!

ఈ మాట వినుటకు సులభముగా నున్నను ఇందొక చిక్కు కలదు. భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. అవయవములను, వాక్కును, వేషమును అభ్యాసముచేత వశపరచుకొనవచ్చును. కాని స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను ఎనిమిది సాత్త్విక భావములు మనస్సు ఏకాగ్రమైనప్పుడే పుట్టునని శాస్త్రము చెప్పుచున్నది. మనస్సు వేరొకచోట నున్నవాడు రంగముపై కంటనీరు తెచ్చుకొనజాలడు. అట్లయినచో నటుడు కేవలము గిన్నెయా, లేక తానును దుఃఖించువాడా? పండితులు తర్కముతో వెదకిన ఈ సమాధానమును తెలుగు నటులు సాధనతో వెదకిరి. వారు త్రొక్కిన మార్గములు ఒకటికంటె ఎక్కువ.

కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమున ఈ సాధన బాల్యముననే ప్రారంభమగుచుండెను. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ గ్రామపు భాగవతుల కుటుంబములలో పుట్టిన ప్రతి పురుషుడును జీవితములో ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని నియమము చేసెనని పరంపరగా చెప్పుకొందురు. గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా 1675 ప్రాంతమున వారి ప్రదర్శనమునకు మెచ్చి గ్రామమును అగ్రహారముగా ఇచ్చెననియు ప్రతీతి. ఈ వ్యవస్థలో బాలుడు పాత్రను ఎంచుకొనుట లేదు. పాత్రయే బాలునికొరకు ముందుగా సిద్ధమై యుండును. తాతతండ్రులవద్ద అడుగులు నేర్చును, దరువులు కంఠస్థము చేయును, సంస్కృతాంధ్రములు చదువును. యౌవనమున తెర ముందునకు వచ్చునాటికి అతడు సత్యభామను క్రొత్తగా ఊహింపనక్కర లేదు. ఆమె నడక అప్పటికే అతని పాదములలో నుండును.

ప్రదర్శనదినమున ప్రొద్దు వాలకముందే ఆహార్యము మొదలగును. ముఖమునకు అరదళము పూసి, కనుబొమ్మలు దిద్ది, తేలికయైన కర్రతో చెక్కిన నగలు ధరించి, సవరము చేర్చి పొడవైన జడ యల్లి, దానికి నాగరము, సూర్యచంద్రులు మొదలగు ఆభరణములు కూర్చుదురు. నిదానముగా సాగు ఈ పనులలోనే పురుషుడు కొంచెముకొంచెముగా వెనుకకు తగ్గును. భామ ముందునకు వచ్చును. తరువాత ఇరువురు తెర పట్టుకొని నిలుతురు. ముఖము కనబడకముందే భామ తన జడను తెరమీదుగా సభవైపు వ్రేలాడవేయును. విద్యలో తన్ను మించినవారున్నచో వచ్చి ఆ జడను కోయవచ్చునని అది పంతము. సత్యభామకు సహజమైన అతిశయము అంతయు ఆ ఒక్క చేష్టలో నున్నది. దానిని నిలబెట్టుకొనవలసినవాడు తెర వెనుక నిలుచున్న నటుడు; కనుక ప్రవేశదరువు ఎత్తుకొనునాటికి పాత్రయొక్క గర్వమును, నటునియొక్క బాధ్యతయు ఒకటై యుండును.

ఈ పరంపరలో మన కాలమునకు దగ్గరివారైన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామ, ఉష మొదలగు స్త్రీపాత్రలతో దేశమంతట కీర్తి గడించిరి. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1970లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. విరహఘట్టమున భామ కంట నీరు తిరుగవలెను. అదే క్షణమున పాదము తాళము తప్పరాదు, కంఠము శ్రుతిని విడువరాదు. దుఃఖములో పూర్తిగా మునిగినవాడు తాళము తప్పును. తాళమును మాత్రమే లెక్కించువాడు ఏడ్వజాలడు. రెండింటిని ఒక్కసారిగా మోయుటకే అన్ని సంవత్సరముల సాధన. అభినవగుప్తుని గిన్నెకును భరతుని కన్నీటికిని కూచిపూడివారు కుదిర్చిన సమాధానము ఇది: కన్నీరు నిజము, తాళమును నిజము.

పందొమ్మిదవ శతాబ్ది చివర తెలుగునాట ఆధునిక రంగస్థలము వెలసినప్పుడు ఇట్టి వంశపారంపర్యము నటులకు సాధారణముగా లేదు. దీనికి గొప్ప అపవాదము సురభి సమాజము. 1885లో కడపజిల్లాలోని సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన ఈ సమాజమున కుటుంబములకు కుటుంబములే నటులు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వారి విశేషము. అచ్చటి పిల్లలకు రంగస్థలమే ఆటస్థలము. పెద్దల పద్యములు వినుచు పెరిగి, చిన్న వేషములనుండి పెద్ద వేషములకు ఎదుగుదురు. ఇతర సమాజములలోని నటుడో, గుమాస్తాగనో, ఉపాధ్యాయుడుగనో, వకీలుగనో జీవించువాడు. అతడు తన పాత్రను తానే వెదకుకొనవలసి వచ్చెను.

అట్లు వెదకి సాధించినవారిలో అగ్రగణ్యులు బాపట్లవారైన స్థానం నరసింహారావుగారు (1902–1971). 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి పాత్రధారి రాకపోగా ఆ లోటు తీర్చుటకై ఆ వేషము ధరించిరి. అనుకోకుండ మీదపడిన ఆ వేషమే వారి జీవితమార్గమైనది. అనంతరము తెనాలి శ్రీరామవిలాస సభ ప్రదర్శనములతో వారి కీర్తి ఆంధ్రదేశమంతట వ్యాపించెను. శ్రీకృష్ణతులాభారములో సత్యభామ, చింతామణి, రోషనార, విప్రనారాయణలో దేవదేవి, కన్యాశుల్కములో మధురవాణి — ఈ పేర్లను వరుసగా చదివినచో నటుని ఎదుట నున్న కష్టము తెలియును. అందరును స్త్రీలే, అందరును సౌందర్యవతులే, కాని ఒకరి చూపు మరియొకరికి చెల్లదు. సత్యభామ అలుక పట్టపురాణి యలుక. ఎదుటివాడు దిగివచ్చునను ధీమా అందు కలదు. మధురవాణి పరిహాసము లోకమును చదివిన వేశ్య పరిహాసము. దాని వెనుక జాలి దాగియుండును. రోషనార మొగలు రాకుమారి. చీర కట్టు, పైట సవరించుకొను తీరు, కూర్చుండు విధము, మాట ముగించు స్వరము — ఇవన్నియు పాత్రపాత్రకు మారవలెను. కూచిపూడి నటునకు గురువు నేర్పినదానిని ఇచ్చట లోకమే నేర్పవలెను. స్త్రీని స్త్రీగా గౌరవించి, ఓర్పుతో గమనింపని పురుషుడు ఈ వేషము కట్టినచో అది వెక్కిరింత యగును. స్థానంవారి వేషమును ఎవరును వెక్కిరింతగా చూడలేదు. 1956లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో సత్కరించెను.

ఇంత శ్రమపడి ధరించిన పాత్రను ప్రేక్షకులే చెదరగొట్టు ఆచారమొకటి ఆ దినములలో ప్రబలియుండెను. పద్యము నచ్చినచో సభ ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయును. నటుడు కథను నిలిపి, హార్మోనియము వైపు తిరిగి, రాగమును మరల ఎత్తుకొనును. శ్మశానమున పుత్రశోకముతో నున్న చంద్రమతియైనను కేక వినబడినచో శోకమును ఆపి మరల మొదటినుండి శోకింపవలసినదే. పాటకు విలువ పెరిగినకొలది పాత్రకు విలువ తగ్గినది.

ఈ ధోరణిని ఎదిరించినవారు బళ్ళారి రాఘవాచార్యులుగారు (1880–1946). వారు తాడిపత్రిలో జన్మించిరి, ఆంధ్రనాటకపితామహులని ప్రసిద్ధులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారికి మేనల్లుడు, వృత్తిచేత న్యాయవాది. పగలు న్యాయస్థానము, రాత్రి రంగస్థలము. రాగాలాపనను తగ్గించి, మాటయొక్క అర్థమునకును భావమునకును ప్రాధాన్యమిచ్చుట వారి మార్గము. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు, కోలాచలం శ్రీనివాసరావుగారి విజయనగర సామ్రాజ్యపతన నాటకములోని పఠాను రుస్తుం వారికి పేరు తెచ్చిన పాత్రలు. వీరిలో పెక్కుమంది లోకము దుష్టులని త్రోసివేసినవారే. అట్టివారిని ధరించునటుడు, వారి పక్షమున ఆలోచింపనిచో, కేవలము కేకలు వేయువాడగును. ప్రతివాది మనస్సులో ప్రవేశించి అతని న్యాయమేమో తెలిసికొనుట న్యాయవాదికి నిత్యకృత్యము. వేషముకంటె ముందు ఆలోచనను కట్టుకొనుట రాఘవగారి మార్గమనవచ్చును.

స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు గట్టిగా వాదించిరి. కొమ్మూరి పద్మావతీదేవివంటి విద్యావతులను ప్రోత్సహించి రంగస్థలమునకు తెచ్చిరి. స్త్రీ రంగమెక్కుటను సంఘము నిందించుచున్న ఆ కాలమున ఇది సాహసమే. ఇచ్చట చరిత్రలో ఒక విచిత్రసంధి కనబడును. స్త్రీని అనుకరించు కళ స్థానంవారి యందు పరిపూర్ణత పొందుచున్న కాలముననే, ఆ కళకు అవసరము లేకుండ జేయు వాదము రాఘవగారి నోట వినబడినది. ఇందు ఎవరిది తప్పనుటకు వీలులేదు. న్యాయము రాఘవగారి పక్షమున నున్నది. స్త్రీల స్థానము స్త్రీలకు దక్కవలసినదే. అయినను ఆ న్యాయము జరుగుటలో, మరియొకరి జీవితమును గమనించి తనలో నింపుకొను ఒక కఠినమైన విద్యాభ్యాసము మెల్లమెల్లగా తొలగిపోయెను. ఆ విద్యను మాత్రము స్త్రీలైనను పురుషులైనను మరల నేర్వవలసియే యున్నది. ఏలయన ప్రతి పాత్రయు నటునకు పరవ్యక్తియే.

రాఘవగారు ప్రదర్శించిన సాంఘిక నాటకములలో పి.వి. రాజమన్నారుగారి ‘తప్పెవరిది’ యొకటి. ఆ రాజమన్నారుగారే తరువాత మద్రాసు ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తియై, 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ ప్రారంభమైనప్పుడు దానికి ప్రథమాధ్యక్షులైరి. నాటకమును వినోదముగా గాక విద్యగా చూచిన బళ్ళారి, మద్రాసు మిత్రుల దృష్టికి ఆ విధముగా దేశ రాజధానిలో గౌరవము లభించెను.

మరియొక ప్రక్క పద్యనాటకములలో కంట్రాక్టు పద్ధతి వ్యాపించినది. వేరువేరు ఊళ్ళనుండి పిలిపించిన నటులు కొన్నిమారులు రంగస్థలముపైననే తొలిసారి కలిసికొనుచుండిరి. ఒకే రాత్రి ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని ఒక్క పాత్రను ఇరువురు పంచుకొనుటయు కలదు. పద్యములు అందరికి కంఠస్థములగుటచే నాటకము ఆగిపోవుట లేదు. అట్టి రాత్రులందును గొప్ప గాత్రములు వినబడినమాట నిజము. కాని పూర్వాభ్యాసము లేనిచోట అర్జునుడు కృష్ణుని మాట వినుట లేదు. తన పద్యమునకై వేచియుండును. ఎదుటి పాత్రను వినుటయే పాత్రయందు నిలుచుటకు మొదటి గుర్తు.

ఉద్యోగరీత్యా దూరప్రాంతములలో నివసించు తెలుగువారు ఉగాదికో సంక్రాంతికో నాటకమాడుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. సాయంకాలము కాగితములు కట్టిపెట్టి, అలసిన కంఠముతో అభ్యాసమునకు వచ్చు ఈ ఔత్సాహికులకు కూచిపూడి బాల్యము లేదు, సురభి కుటుంబమును లేదు. వారికి మిగిలినది రాఘవగారి మార్గము: పగటి ఉద్యోగము పగటిది, రాత్రి పాత్ర రాత్రిది, రెండింటికిని నడుమ కొంత ఏకాంతము. ఒక గంట ముందుగా వచ్చి, ముఖమునకు రంగు వేసికొనుచు, ఎవరితోను మాటలాడక కూర్చుండు నటుని చూచి కొందరు గర్వమనుకొందురు. అతడు చేయుచున్న పని వేరు. దినమంతయు తనలో నిండిన ఆఫీసు మాటలను, ఇంటి చింతలను వంపివేసి, గిన్నెను కడుగుకొనుచున్నాడు.