ఆగిపోయిన బీరు పీపా నుంచి మన మట్టి పరీక్ష కార్డు దాకా



ఈసారి బీరు గురించి రాస్తున్నాను. కంగారు పడకండి, కాయమనీ తాగమనీ చెప్పడానికి కాదు. మీ ఇంట్లో ఏ పాసుపుస్తకం మడతలోనో మట్టి పరీక్ష కార్డు పడుంటుంది చూడండి. అందులో పీహెచ్ అని ఒక అంకె ఉంటుంది గదా, ఆ లెక్క పుట్టింది ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో. మనకి నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

ముందు బీరు సంగతి. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి వేడినీళ్లలో నానేస్తే తియ్యటి రసం దిగుతుంది. దాన్ని కాచి చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు ఆ తీపిని తిని మత్తు పదార్థం, గ్యాసు వదులుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇళ్లల్లో కాచుకునేవాళ్లకి ఇప్పటికీ ఉండే పెద్ద తలనొప్పి ఏంటంటే, రెండు మూడు రోజులు బుడబుడా పొంగిన పీపా సగంలో చప్పబడిపోవడం. పాలకేంద్రంలో లాక్టోమీటరు లాంటి గాజు గొట్టం ఒకటి వాళ్ల దగ్గరా ఉంటుంది. మొదట 1.050 చూపించింది 1.010 దాకా దిగాలి. 1.025 దగ్గర రోజుల తరబడి నిలబడిపోయిందంటే తీపి అలాగే మిగిలిపోయిందన్నమాట.

కారణాలు చూస్తే మనకి తెలిసినవే. చలి ఎక్కువైంది, ఈస్టు పాతదో తక్కువో, మొదట్లో గాలి తగల్లేదు, లేదంటే బార్లీ తగ్గించి వట్టి చక్కెర పోశారు కాబట్టి ఈస్టుకి నత్రజని చాల్లేదు. మందూ అలాంటిదే. పీపాని వెచ్చటి చోటికి మార్చి, అడుగున పేరుకున్న ఈస్టుని మెల్లగా కదపాలి. అప్పటికీ కదలకపోతే వేరే గిన్నెలో బాగా పొంగుతున్న కొత్త ఈస్టు తెచ్చి పోయాలి. చలికాలం ఇడ్లీ పిండి పొంగకపోతే మన ఆడవాళ్లు గిన్నెని పొయ్యి పక్కకి జరపరూ, అదే తెలివి.

ఇవాళ ఇంత తేలిగ్గా చెబుతున్నాం గానీ, ఈస్టు ప్రాణమున్నదని తెలియని రోజుల్లో మనుషులు ఏం చేసేవాళ్లు? నార్వే పల్లెల్లో రైతులే బీరు కాచుకునేవాళ్లు. బాగా వచ్చిన ఈస్టుని చెక్కతో చేసిన కడియాల మీద ఆరబెట్టి తర్వాతిసారికి దాచేవాళ్లు. తమది చెడిపోతే పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చుకునేవాళ్లు. అచ్చం మనం తోడుకి గరిటెడు పెరుగు తెచ్చుకున్నట్టే. ఈస్టు వేసేటప్పుడు గట్టిగా కేకలు పెట్టే ఆచారం కూడా ఉండేదట!

1837 ప్రాంతంలో ఫ్రాన్సులో ఒకాయన, జర్మనీలో ష్వాన్ అనే ఆయన, ఈస్టు బతికున్న జీవి అన్నారు. పెద్దలు ఒప్పుకుంటేగా. జర్మనీలో లీబిగ్ అని మహా రసాయన శాస్త్రవేత్త, మన ఎరువుల శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడు. ఆయనా, మిత్రుడు వోలరూ కలిసి 1839లో పేరు పెట్టకుండా ఒక ఎగతాళి వ్యాసం వేశారు. ఈస్టు చిన్న జంతువట, చక్కెర తిని ఒక దారిన మత్తు, ఇంకో దారిన గ్యాసు వదులుతుందట. నవ్వుకున్నారు. తీరా చూస్తే ఎగతాళిలో చెప్పిందే అసలుకి దగ్గరగా ఉంది.

1856లో ఫ్రాన్సులోని లిల్ ఊళ్లో బిగో అనే ఆయనకి కష్టం వచ్చింది. చక్కెర దుంపల రసం పులియబెట్టి సారా తీసే వ్యాపారం ఆయనది. కొన్ని తొట్లు పులిసి చెడిపోతున్నాయి, సారా పడటం లేదు. ఆయన కొడుకు చదివే కాలేజీలో పాశ్చర్ పనిచేస్తున్నాడు, వెళ్లి అడిగాడు. పాశ్చర్ తొట్టి తొట్టికీ తిరిగి నమూనాలు తెచ్చి సూక్ష్మదర్శినిలో చూశాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు, చెడ్డదాంట్లో చిన్న చిన్న కడ్డీల్లాంటివి. అవి పాలని పులిపించే జాతి. తోటలో కలుపు పడ్డట్టు తొట్టిలో వేరే జీవి పడిందన్నమాట. 1857లో ఈ సంగతి రాసి లోకానికి చెప్పాడు.

డెన్మార్కులో జాకబ్‌సన్ అనే బీరు వ్యాపారి ఉన్నాడు. 1845లో మ్యూనిక్ నుంచి టోపీ పెట్టెలో ఈస్టు కుండలు పెట్టుకుని, బండి ఆగినచోటల్లా చన్నీళ్లు పోస్తూ కోపెన్‌హాగన్ తెచ్చాడని చెబుతారు. 1847లో కార్ల్స్‌బర్గ్ పెట్టాడు. 1875లో దానికి ప్రయోగశాల కట్టి ఒక షరతు రాశాడు: ఇక్కడ కనిపెట్టింది ఏదీ దాచకూడదు. 1883లో హాన్సెన్ అనే ఆయన అక్కడ మంచి ఈస్టు కణం ఒక్కటి విడదీసి పెంచాడు. ఆ విత్తనాన్ని జాకబ్‌సన్ పోటీ కంపెనీలకి కూడా ఇచ్చేశాడు. మన విత్తన కంపెనీలు గుర్తొచ్చాయా? నాకు మాత్రం వచ్చాయి.

అదే ఏడు, అదే ప్రయోగశాలలో కెల్డాల్ అనే ఆయన బార్లీలో మాంసకృత్తులు ఎలా మారుతున్నాయో చూడాలనుకున్నాడు. దానికి నత్రజని కొలవాలి, ఉన్న పద్ధతేమో కష్టం. గింజని గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికించి, నత్రజనిని అమ్మోనియాగా పట్టి కొలిచే మార్గం కనిపెట్టాడు. ఈరోజు మనం కొనే దాణా సంచి మీద ముడి ప్రోటీన్ ఇంత శాతం అని ఉంటుందే, ఆ లెక్కకి మూలం ఇదే. ఆయన తర్వాత అదే కుర్చీలోకి వచ్చిన సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ కొలత పెట్టాడు. పులుపు కాస్త మారితే ఎంజైముల పని మారిపోతోంది, దాన్ని ఖచ్చితంగా చెప్పడానికి ఒక అంకె కావాల్సొచ్చింది.

ఆ అంకెలో ఒక మెలిక ఉంది. 7.5కీ 8.5కీ తేడా ఒక్కటే గదా అనుకుంటాం. కాదు, పది రెట్లు. 8.5 అంటే నేల చౌడు వైపు ఉన్నట్టు. అలాంటి మడిలో జింకు మట్టిలో ఉన్నా వరి వేరుకి సరిగా అందదు. ఆకు మీద తుప్పు మచ్చలొస్తాయి, దుబ్బు ఎదగదు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంకో కట్ట యూరియా. లీబిగ్ పేరు మీద శిక్షణల్లో ఒక పీపా బొమ్మ చూపిస్తారు, చెక్కలన్నిట్లో ఏది పొట్టిదైతే నీళ్లు అక్కడి దాకే నిలుస్తాయని. ఈ మాట స్ప్రెంగెల్ అనే ఆయన ముందే చెప్పాడు, చాటింపు వేసింది లీబిగ్. ఈస్టుని ఎగతాళి చేసిన మనిషి సూత్రమే ఆగిపోయిన బీరు పీపాకీ సరిపోయింది చూడండి! నత్రజని చాలని పీపాలో ఇంకా చక్కెర పోస్తే ఏం లాభం, జింకు అందని మడిలో ఇంకా యూరియా చల్లినా అంతే.

కట్ట కొనేముందు కార్డు బయటికి తీయండి. మీ మడి పీహెచ్ ఎంతుందో, ఏ పంట వేస్తున్నారో కింద రాయండి. 8 దాటినవాళ్లు ఎంతమందిమి ఉన్నామో చూద్దాం.