కారు సర్వీసింగ్‌.. షెడ్డు ఏదైనా బిల్లు తప్పనిసరి

కమ్మర్‌పల్లి: నిజామాబాద్‌ నుంచి ఆర్మూర్‌, మెట్‌పల్లి మీదుగా జగిత్యాల వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న కమ్మర్‌పల్లిలో కారు కొన్నవారికి సర్వీసింగ్‌ ఎప్పుడూ ఒక సందిగ్ధమే. కంపెనీ సర్వీస్‌ సెంటర్‌కు వెళ్లాలంటే పట్టణం దాకా ప్రయాణం, ఒక రోజు పని నష్టం. ఊరి దగ్గరి మెకానిక్‌ షెడ్డులో ఖర్చు తక్కువే అయినా, పాడైతే అడిగేందుకు చేతిలో కాగితం ముక్క ఉండదు. ఈ రెండింటిలో ఏది మేలన్నది కారు వయసును, చేయించాల్సిన పనిని బట్టి తేల్చుకోవలసిన విషయం.

వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సెంటరే క్షేమం. తొలి ఉచిత సర్వీసుల్లో సాధారణంగా కూలి మాత్రమే ఉచితం. ఆయిల్‌, ఫిల్టర్లకు సొమ్ము చెల్లించాల్సిందే. బయట ఒక్క పని చేయించినా వారంటీ మొత్తం రద్దవుతుందన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందనీయకుండా చేస్తున్నారంటూ 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్‌ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతు తగదని ఆ ఉత్తర్వు పేర్కొంది. దానిపై కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. కాబట్టి వారంటీ పుస్తకంలోని షరతులు చదివిన తర్వాతే షెడ్డు వైపు వెళ్లడం ఉత్తమం.

వారంటీ ముగిసిన కారుకు ఆయిల్‌ మార్పిడి, బ్రేకు ప్యాడ్లు, క్లచ్‌, సస్పెన్షన్‌ పనులను అనుభవమున్న మెకానిక్‌ చక్కగా చేయగలడు. ఎయిర్‌బ్యాగ్‌, ఏబీఎస్‌, ఇంజన్‌ కంప్యూటర్‌ పనులు మాత్రం తగిన స్కానర్‌ లేనిచోట అప్పగించరాదు. హెచ్చరిక దీపం వెలిగితే వైరు పీకి దానిని ఆర్పేసే మెకానిక్‌కు దూరంగా ఉండటమే మంచిది.

షెడ్డును పరీక్షించే తీరు

కొత్త షెడ్డుకు మొదటిసారే పెద్ద పని ఇవ్వకూడదు. ఒక ఆయిల్‌ మార్పిడితో పనితనం తెలిసిపోతుంది. యజమాని పుస్తకంలో ఉన్న గ్రేడు ఆయిల్‌నే అడగాలి. పలుచని ఆయిల్‌ వాడాల్సిన ఇంజన్‌లో చిక్కని ఆయిల్‌ పోస్తే మైలేజీ తగ్గుతుంది. డబ్బా మూత కళ్లెదుటే తీయించాలి. విడి ఆయిల్‌ చవకే గాని, అందులో ఏముందో అమ్మినవాడికే తెలియాలి. ఆ రాత్రి ఇంజన్‌ కింద ఒక అట్టముక్క పరిచి ఉంచితే, డ్రెయిన్‌ బోల్టు సరిగా బిగించారో లేదో తెల్లవారేసరికి తేలిపోతుంది.

పాత విడిభాగాలు తిరిగి ఇవ్వాలని పని మొదలుపెట్టకముందే చెప్పాలి. తర్వాత అడిగితే పారేశామన్న జవాబే వస్తుంది. కంపెనీ సెంటర్లలో మరో బెడద ఉంది. ఇంజన్‌ ఫ్లషింగ్‌, ఏసీ క్రిమినాశనం, కోటింగ్‌ అంటూ జాబ్‌ కార్డులో ఒక్కో వరుస చేరుతుంది. అవి సర్వీసు పట్టికలో ఉన్నాయా అని అడిగితే సగం వరుసలు వాటంతటవే తొలగిపోతాయి.

దుమ్ము కాలంలో

జనవరి నుంచి పసుపు తవ్వకాలు మొదలై, ఉడకబెట్టడం, ఆరబెట్టడం వేసవి దాకా సాగుతాయి. ట్రాక్టర్లు తిరిగే మట్టి బాటల వెంట నడిచే కారుకు ఎయిర్‌ ఫిల్టర్‌ పుస్తకంలో రాసిన గడువు వరకు ఆగదు. పికప్‌ తగ్గినా, ఏసీ గాలి మందగించినా ముందుగా ఫిల్టర్లు విప్పి చూపమనాలి. గల్ఫ్‌కు వెళ్లేవారి కార్లది మరో కథ. నెలల తరబడి నిలిపి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వెళ్లేముందు బ్యాటరీ నెగటివ్‌ తీగ విప్పించడం, టైర్లలో గాలి నింపించడం మేలు. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాది దాటితే ఆయిల్‌ మార్చాల్సిందే. బ్రేకు ఆయిల్‌ తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. తిరిగి రోడ్డెక్కే ముందు బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువు కూడా చూసుకోవాలి.

నష్టపోతే

బిల్లు అడిగితే జీఎస్టీ పడుతుందంటూ తెల్లకాగితంపై లెక్క రాసిచ్చేవారు ఉంటారు. ఆ కొద్దిపాటి ఆదా కోసం ఆధారాన్ని వదులుకోవడం నష్టబేరమే. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపభూయిష్టమైన మరమ్మతుపై రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. షెడ్డు వేరే జిల్లాలో ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్‌ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. జాబ్‌ కార్డు, బిల్లు, మార్చిన భాగం పెట్టె, పాడైన భాగం ఫొటో దగ్గర ఉంచుకోవాలి.