బండి జప్తు నుంచి ఇంటి జప్తు దాకా: ఉప్పల్, నాచారంలో మత్తు చట్టం

వరంగల్ రహదారి మీద వచ్చే బండ్లు హైదరాబాద్ నగరంలో అడుగుపెట్టేది ఉప్పల్ దగ్గర. పక్కనే నాచారం పారిశ్రామికవాడ. ఇక్కడ గంజాయి పట్టుబడితే పంచనామాలో సరుకు తూకంతోపాటు కారు నంబరు, సెల్‌ఫోన్లు, నగదు కూడా రాసుకుంటారు. అంతమాత్రాన అవి ప్రభుత్వ సొత్తు అయిపోవు. అప్పటికి జరిగింది స్వాధీనం మాత్రమే. యజమాని హక్కు పోయేది జప్తుతో.

నిజాం ఏలుబడిలో ఈ ప్రాంతానికి 1316 ఫసలీ (1906-07) నాటి హైదరాబాద్ అబ్కారీ చట్టం, తర్వాత 1333 ఫసలీ నాటి మాదకద్రవ్యాల చట్టం వర్తించాయి. బ్రిటిష్ ఇండియాలో 1878 నల్లమందు చట్టం సరుకును మోసిన పశువును, బండిని కూడా జప్తు చేయనిచ్చింది.

మత్తుమందుల నియంత్రణకు 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ఈ పద్ధతినే కొనసాగించింది. 60వ సెక్షన్ కింద వాహనం జప్తుకు లోబడుతుంది. తనకు గానీ డ్రైవరుకు గానీ సంగతి తెలియదని, తగిన జాగ్రత్తలు తీసుకున్నామని యజమాని రుజువు చేసుకుంటేనే బండి దక్కుతుంది. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డా, పట్టుబడిన వస్తువును జప్తు చేయాలా వద్దా అన్నది 63వ సెక్షన్ కింద కోర్టు విడిగా తేలుస్తుంది.

అసలు మలుపు 1989 మే 29న వచ్చింది. స్మగ్లర్ల ఆస్తుల జప్తుకు తెచ్చిన 1976 నాటి సఫెమా చట్టం నమూనాలో ఇదే చట్టానికి చేర్చిన ఐదు-ఎ అధ్యాయం బండిని దాటి, మత్తు వ్యాపారంతో కూడబెట్టిన ఆస్తి మీదికి వెళ్లింది. ఉదాహరణకు, నిందితుడు నాచారంలో భార్య పేర రిజిస్టరు చేయించిన ఇంటి స్థలం కూడా దీని కిందికి వస్తుంది. దర్యాప్తు అధికారి దాన్ని స్తంభింపజేస్తే 48 గంటల్లో ఆ ఉత్తర్వు ప్రతిని చెన్నైలోని సఫెమా అధికారికి పంపాలి. 30 రోజుల్లో ఆయన ఖరారు చేయకుంటే ఉత్తర్వు చెల్లదు. స్థలం న్యాయమైన సంపాదనతో కొన్నదని చూపించే భారం నోటీసు అందుకున్నవారిదే. అరెస్టుకు ఆరేళ్లకు ముందు కొన్న ఆస్తి జోలికి మాత్రం వెళ్లకూడదు.

2001 సవరణతో, పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడదగ్గ నేరాల్లో అరెస్టు దశలోనే ఆస్తి విచారణ మొదలుపెట్టే వీలు కలిగింది. చివరికి కేసు వీగిపోతే ఆస్తి విడుదలవుతుంది.

ఇక స్వాధీనమైన బండ్ల సంగతి. తీర్పు వచ్చేదాకా స్టేషన్ ఆవరణల్లో అవి ఎండకు ఎండి వానకు తడుస్తాయి. విచారణ ముగిసేలోగా వాహనాన్ని షరతులతో యజమానికి అప్పగించడానికి ఎన్‌డీపీఎస్ చట్టం అడ్డుకాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.