ఖాళీ ఇత్తడిలో అమెరికా కథ

రాజుపాలెం నుంచి మా బాబాయి ఫోన్లో అడిగాడు: "అక్కడ తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారంట, నిజమేనా అబ్బాయ్?"

నిజమే. చట్టం ఒప్పుకుంటుంది, కావాల్సిన సామానంతా కొట్లో దొరుకుతుంది, ఇంటి కింద బేస్‌మెంట్‌లో బల్ల వేసుకుని తీరికగా చేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కానీ "అవును" అని ఊరుకుంటే బాబాయికి ఈ దేశం మరింత వింతగా కనిపిస్తుందే తప్ప అర్థం కాదు. అమెరికా చరిత్ర తెలియాలంటే తుపాకీ కన్నా ముందు, అది పేలాక కింద పడే ఖాళీ ఇత్తడి గొట్టాన్ని చూడాలని నా నమ్మకం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు సీసపు గుండు, దాని వెనక మందు, మందును అంటించే చిన్న ప్రైమరు, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేసు. ట్రిగ్గరు నొక్కితే గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు పని అయిపోతుంది. కేసు మాత్రం మిగులుతుంది. నాలుగింటిలో ఎక్కువ ఖరీదు దానిదే. దాన్ని సరిచేసి మళ్లీ నింపుకోవచ్చు. ఆయుధాగారంలో జరగాల్సిన పని రైతు ఇంటికి చేరింది ఇందువల్లే.

నేనుండేది కనెక్టికట్ రాష్ట్రంలో, నాగటక్ నది లోయలో. ఇక్కడి వాటర్‌బరీని ఇప్పటికీ ఇత్తడి నగరం అంటారు. 1802లో ఏబెల్ పోర్టర్ అనే ఆయన, ఆయన భాగస్వాములు ఇక్కడ ఇత్తడి గుండీలు చేయడం మొదలుపెట్టారు. ఆ చిన్న వ్యాపారమే తర్వాత స్కోవిల్ అనే పెద్ద కంపెనీ అయింది. గుండీలకు రేకు కావాలి, రేకు సాగదీసే విద్య అప్పట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వాళ్లది. వాటర్‌బరీ వర్తకులు సముద్రం దాటి వెళ్లి, అక్కడి పనివాళ్లను ఆశపెట్టి, యంత్రాలతో సహా తెచ్చుకున్నారు. చేతిపని తెలిసినవాళ్లను పరాయి దేశం నుంచి రప్పించుకుని ఎదగడం ఈ దేశానికి ఆనాటి నుంచీ ఉన్న అలవాటు. ఆ పనివాళ్ల వెనకే ఐరిష్‌వాళ్లు, ఇటాలియన్లు, లిథువేనియన్లు ఇదే లోయకు కూలికి వచ్చారు. వాళ్ల చర్చిలు ఇంకా నిలిచే ఉన్నాయి. మిల్లులే పోయాయి. స్కోవిల్ మిల్లు ఉన్నచోట 1997లో షాపింగ్ మాల్ తెరిచారు. పేరు మాత్రం బ్రాస్ మిల్ సెంటర్ అనే పెట్టారు.

గుండీ చేయగలిగిన లోయకు తూటా కేసు చేయడం పెద్ద దూరం కాదు. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం కలిపిన ఇత్తడి బిళ్లను ముందు చిన్న గిన్నెలా వంచుతారు. ఆ గిన్నెను అచ్చులోంచి మళ్లీ మళ్లీ నెట్టి పొడుగు గొట్టంగా సాగదీస్తారు. సాగదీసిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడి పెళుసెక్కుతుంది. అందుకే మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారు. మన కంచరివాళ్లు బిందెను సుత్తితో కొడుతూ, లోహం మొండికేసినప్పుడల్లా కొలిమిలో పెట్టి తీసి మళ్లీ కొట్టేవాళ్లే, అదే సూత్రం. కేసు అడుగు గట్టిగా ఉండాలి, మెడ మెత్తగా ఉండాలి. పేలినప్పుడు మెడ ఉబ్బి తుపాకీ గొట్టానికి అతుక్కుని, వెనక్కి వాయువు రాకుండా మూసి, వెంటనే కాస్త ముడుచుకుని బయటికి రావాలి. ఇత్తడి ఈ పని చేసినంత బాగా మరో లోహం చేయదు.

ఈ కేసు రాకముందు తూటా అంటే కాగితపు పొట్లమే. 1857లో మన సిపాయిలు పళ్లతో కొరకమంటే తిరగబడ్డది ఆ కాగితపు తూటాల మీదే. తొమ్మిదేళ్ల తర్వాత, 1866లో, రెండు దేశాల్లో ఇద్దరు సైనికాధికారులు ఇత్తడి కేసుకు ప్రైమరు అమర్చే పద్ధతులకు విడివిడిగా పేటెంట్లు తీసుకున్నారు. అమెరికాలో హైరమ్ బర్డాన్, ఇంగ్లండులో వూలిచ్ ప్రయోగశాల అధిపతి ఎడ్వర్డ్ బాక్సర్. బర్డాన్ కేసు అడుగున రెండు సన్నని రంధ్రాలు పక్కలకు ఉంటాయి, బాక్సర్ కేసుకు సరిగ్గా మధ్యలో ఒకటే రంధ్రం. రంధ్రం మధ్యలో ఉంటే సన్నని సూది దించి పాత ప్రైమరును ఒక్క నొక్కుతో ఊడగొట్టొచ్చు. బర్డాన్ కేసులో అంత సులువుగా రాదు. ఆ ఒక్క తేడాతో ఇద్దరి విద్యా దేశాలు మారాయి. పౌరులు కేసును మళ్లీ నింపుకునే అమెరికా ఇంగ్లీషువాడి పద్ధతిని ఉంచుకుంది. సైన్యమే వాడి పారేసే యూరప్ దేశాలు చాలావరకు అమెరికావాడి పద్ధతికి వెళ్లాయి.

మన పల్నాడు పాఠకులు ఇక్కడొక తేదీ గుర్తుపెట్టుకోవాలి. 1878లో వైస్రాయి లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా భారతీయులెవరూ తుపాకీగానీ తూటాగానీ ఉంచుకోకూడదన్నాడు. తెల్లవాళ్లకు ఆ నిబంధన వర్తించలేదు. దేశీ సిపాయిలకు సైతం, 1857 తర్వాత, తెల్ల సైనికులకన్నా ఒక తరం పాత తుపాకులే ఇచ్చేవాళ్లు. సరిగ్గా ఆ కాలంలోనే ఇక్కడ వించెస్టర్ కంపెనీ తన తుపాకులతోపాటు తూటాలు నింపుకునే చేతి పనిముట్లు అమ్ముతోంది. 1884లో జాన్ బార్లో మా రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి, పటకారు లాంటి ఒకే పనిముట్టుతో కేసు నింపే పనంతా అయ్యేలా చేశాడు. అమెరికా రైతు సాయంత్రం దీపం దగ్గర కూర్చుని సీసం కరిగించి గుండ్లు పోసుకుంటున్న రోజుల్లో, మన రైతుకు తూటా అంటే సర్కారుది, అంతే. 1922 ఫిబ్రవరిలో పుల్లరి అనే మేత పన్ను కట్టబోమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును మించాలపాడులో చంపింది ఆ సర్కారు తూటాలే. తూటా ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు రెండు దేశాలూ ఒకే పదేళ్లలో రెండు విరుద్ధమైన జవాబులు చెప్పుకున్నాయి. నేటి అమెరికావాడి మొండితనమూ మనవాడి ఆశ్చర్యమూ అక్కడ మొదలైనవే.

అయితే ఆ స్వేచ్ఛ ఎవరి నెత్తురుతో తడిసిందో చెప్పకుండా ఊరుకోలేను. 1870ల్లో తోళ్ల వ్యాపారం పెరగ్గానే వేటగాళ్లు పశ్చిమ మైదానాల మీద పడి అడవిదున్నలను మందలు మందలుగా చంపారు. వాళ్ల చేతుల్లోని షార్ప్స్ తుపాకులు మా హార్ట్‌ఫర్డ్‌లో, తర్వాత బ్రిడ్జిపోర్ట్‌లో తయారైనవి. ఊరూ కొట్టూ లేని మైదానంలో నెలల తరబడి వేట సాగించగలిగారంటే కారణం, పగలు కాల్చిన కేసులను ఏరుకుని రాత్రి గుడారంలో మళ్లీ నింపుకోవడమే. కోట్లలో ఉన్న దున్నలు 1880ల చివరికి దాదాపు వెయ్యే మిగిలాయి. దున్నలు పోతే వాటి మీద బతికే మూలవాసులు పోయినట్లేనని సైన్యానికి తెలుసు, అడ్డుచెప్పలేదు. అడవిని, మేతను లాక్కుంటే మనుషులు ఏమవుతారో నల్లమల అంచున పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ తెగల మూలవాసీ యోధులు అమెరికా సైన్యాధికారి కస్టర్‌నూ అతని వెంట ఉన్న దళాన్నీ తుడిచిపెట్టారు. ఆనాటి సైన్యం కేసులు ఇత్తడివి కావు, రాగివి. రాగి మెత్తన. వేడెక్కిన తుపాకీలో కొన్ని ఇరుక్కుపోయాయని, కత్తితో పీకుకోవాల్సి వచ్చిందని మిగతా దళాల్లో బతికినవాళ్లు చెప్పారు. ఓటమికి అదే కారణమని చాలాకాలం పుస్తకాలు రాశాయి. 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడి నేల బయటపడింది. మరుసటి ఏడాది నుంచి డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు శాస్త్రజ్ఞులు మెటల్ డిటెక్టర్లతో ఖాళీ కేసులు ఏరారు. ప్రతి తుపాకీ సూది ప్రైమరు మీద తనదైన ముద్ర వేస్తుంది. ఆ ముద్రలను పోల్చి, ఏ తుపాకీ ఎక్కడ మొదలై ఎటు కదిలిందో పటం గీశారు. ఇరుక్కున్న గుర్తులున్న కేసులు చాలా కొద్దిగానే దొరికాయి. యోధుల చేతుల్లో నాటు ఆయుధాలు మాత్రమే ఉన్నాయన్న మాటా నిలవలేదు. మా న్యూహేవెన్‌లో చేసిన వరుస తూటాల తుపాకులు వాళ్ల దగ్గర చాలానే ఉన్నాయి. ఓడినవాడి తరఫు కథనాన్ని వందేళ్ల తర్వాత నేలలోని ఖాళీ కేసులు సరిదిద్దడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఈ కథకు ఇంకో పాయ గురి. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు ఎంత గుడ్డిగా కాల్చారో చూసి విసిగిన ఇద్దరు మాజీ అధికారులు 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టారు. ఇప్పుడు రాజకీయాల్లో పేరు వినిపించే ఎన్నారే అదే. మొదట్లో దాని పని గురి నేర్పడం. న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో 1874 సెప్టెంబరులో ఐర్లండు జట్టుతో పోటీ పెట్టుకుంటే, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకులతో వచ్చిన ఐరిష్ జట్టు మీద, వెనకవైపు నుంచి తూటా పెట్టే తుపాకులున్న అమెరికా 934-931 స్కోరుతో గెలిచింది. ఆ మూడు పాయింట్ల గెలుపు తర్వాత ఇక్కడ గురి ఒక ఆట అయింది, ఆటతోపాటు కేసును చక్కదిద్దే విద్య పెరిగింది.

ఆ విద్య నేను చూసింది మా పక్కింటి పెద్దాయన దగ్గర. ఇత్తడి మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. పేలిన కేసు చేతికి తీసుకోగానే మెడ చుట్టూ చీలిక ఉందేమో చూస్తాడు. తర్వాత అడుగుకు కొంచెం పైన మెరిసే గీత కోసం వెతుకుతాడు. ఆ గీత కనిపిస్తే లోపల గోడ పలచబడ్డట్టే, ఆ కేసు పాత సామాను డబ్బాలోకి పోతుంది. మిగిలినవాటిని మొక్కజొన్న బెండు పొడిలో దొర్లించి మసి వదిలిస్తాడు. పాత ప్రైమరు తీసి, ఉబ్బిన కేసును ఉక్కు అచ్చులో నొక్కి మునుపటి కొలతకు తెస్తాడు. కాల్చిన కొద్దీ ఇత్తడి మెడవైపు సాగుతుంది కాబట్టి పొడవు కొలిచి అంచు కోస్తాడు, కోసిన అంచు గుండును గీరకుండా లోపలా బయటా నునుపు చేస్తాడు. నిప్పురంధ్రం దగ్గర కర్మాగారం వదిలేసిన పొక్కును గీకేస్తాడు. కేసులను ఒక్కొక్కటీ తూచి, బరువు కలిసినవాటిని ఒక పెట్టెలో పెడతాడు. మెడ గోడ ఒకవైపు మందం, ఒకవైపు పలచన అయితే గుండు వంకరగా కూర్చుంటుందని, దాన్ని వెంట్రుకంత మందాన చెక్కి సమం చేస్తాడు. చివరికి మెడను మంటలో తిప్పి మెత్తబరుస్తాడు. అడుగుకు మాత్రం వేడి తగలనివ్వడు, అడుగు మెత్తబడిన కేసు పేలితే కాల్చేవాడి ముఖం మీదికే వస్తుంది. ఇంతా చేసేది ఒక్కదానికే: ప్రతి కేసూ గుండును ఒకే పట్టుతో పట్టుకోవాలి, ప్రతి గుండూ ఒకే వేగంతో వెళ్లాలి. వంద గజాల దూరంలో ఐదు గుండ్లు ఒకే చిల్లులోంచి వెళ్లిన కాగితాన్ని ఆయన నాకు చూపించినప్పుడు, చేతిపని మీద ఆయనకున్న శ్రద్ధకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఈ గురి ఆటలో దశాబ్దాలుగా పేరున్న తూటా 6 పీపీసీ. 1975లో లూయీ పాల్మిసానో అనే వైద్యుడు, ఫెరిస్ పిండెల్ అనే పనిముట్ల నిపుణుడు దాన్ని రూపొందించారు. దానికి మూలం రష్యా తూటా, కేసులు వచ్చింది ఫిన్లండ్ నుంచి. అమెరికా, సోవియట్ దేశాలు ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రోజులవి.

మెడను మెత్తబరిచే ఆ పని వెనక మన వానాకాలం ఉందని తెలిసినప్పుడు నా సంతోషం చెప్పలేను. బ్రిటిష్ ఇండియా సైన్యం వానలప్పుడు తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే కేసుల మెడలు పగిలి ఉండేవి. అది ఏ తుపాకీలోనూ పేలని కొత్త సరుకు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తేనే ఆ పగుళ్లు వస్తాయని 1921లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వివరించారు. విరుగుడు ఒక్కటే, కాల్చి ఆ బిగువు తీసేయడం. మన కంచరి కొలిమికి ఎప్పటినుంచో తెలిసిన పనే ఇది.

న్యూటౌన్ ఊసెత్తకుండా కనెక్టికట్ గురించి రాయడం నాకు సాధ్యం కాదు. ఇత్తడి లోయకు పక్కనే ఉన్న ఆ చిన్న ఊళ్లో 2012 డిసెంబరు 14న శాండీహుక్ బడిలో ఇరవై మంది పసిపిల్లల్నీ ఆరుగురు పెద్దల్నీ ఒకడు కాల్చి చంపాడు. ఆ తర్వాతి ఏడాది ఈ రాష్ట్రం తూటాలు కొనడానికి సైతం అనుమతి పత్రం ఉండాలని చట్టం చేసింది. తూటాలు చేసి బతికిన రాష్ట్రమే ఆ పని చేసింది. చేతిపని మీద గౌరవం, తుపాకీ మీద భయం నాలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని కోసం రెండోది వదులుకోను.

ఇక బాబాయి అడిగినదానికి అసలు అవసరమైన జవాబు. కొండమోడు నుంచైనా సత్తెనపల్లి నుంచైనా ఎమ్మెస్ చదవడానికి వచ్చే పిల్లలకు ఇది చెప్పండి. స్టూడెంట్ వీసా, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడం, కొద్ది మినహాయింపులు తప్ప, ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం తూటా అన్న లెక్కలోకి కేసును, ప్రైమరును, గుండును, మందును విడివిడిగా చేర్చింది. స్నేహితుడు రమ్మన్నాడని ఫైరింగ్ రేంజికి వెళ్లడం, అక్కడ నేల మీద మెరుస్తున్న ఖాళీ ఇత్తడిని ముచ్చటపడి జేబులో వేసుకుని గదికి తెచ్చుకోవడం, ఈ రెండూ వద్దు. ఊరికి వచ్చేటప్పుడు బ్యాగులో అలాంటిది ఏదీ లేదని రెండుసార్లు వెతుక్కోమనండి. హైదరాబాదు విమానాశ్రయంలో స్కానరుకు చిక్కితే పోలీసు స్టేషనుకు వెళ్లాల్సి వస్తుంది.