అతుకుకు ముందు పట్టు: పైపు క్లాంపుల పుట్టుపూర్వోత్తరాలు

రెండు గొట్టములను కలుపుట ఒక పని; కలుపుటకు ముందు వానిని ఒకే వరుసకు తెచ్చి కదలకుండ నిలుపుట మరియొక పని. ఇవి రెండును వేర్వేరు పనులుగా విడివడినది 20వ శతాబ్దమునందే. అంతకు పూర్వము అతుకే గొట్టమును వరుసకు తెచ్చుచుండెడిది. 1785లో లండనులోని చెల్సీ జలసంస్థకు ఇంజనీరుగా నుండిన థామస్ సింప్సన్ అనునతడు, పోతయినుప గొట్టమునకు ఒక కొనను వెడల్పు మూతిగా చేసి, రెండవ గొట్టపు కొనను అందులో దూర్చి, నడిమి సందును నారతోను, కరిగించిన సీసముతోను పూడ్చి బిగించు పద్ధతిని ప్రవేశపెట్టెను. అందులో దూరిన కొన ఎటు పోవలెనన్నను చుట్టునున్న మూతి పోనీయదు. మరలు చెక్కిన గొట్టములలోనైతే ఈ కట్టుబాటు ఇంకను గట్టిది. రెండు గొట్టములును ఒకే అక్షమునకు వచ్చిననేగాని మర పట్టదు, మర పట్టిన పిమ్మట అవి వంకరగా నుండుటకు వీలుండదు. కాబట్టి ఆనాటి పనివానికి గొట్టమును మోయుటకు భుజము, త్రిప్పుటకు పట్టకారు కావలసివచ్చినవి గాని, వరుసకు తెచ్చుటకై ప్రత్యేకముగా ఒక పనిముట్టు కావలసిరాలేదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 1859లో డ్రేక్ అనునాయన త్రవ్వించిన బావిలో చమురు పడినది మొదలు, ఆ చమురును పీపాలలో నింపి గుఱ్ఱపుబండ్లపై రైలుస్టేషనునకు చేర్చుట ఒక పెద్ద వ్యాపారమై, బండివాండ్రు అడిగినదే కిరాయియై నడచెను. 1865లో శామ్యూల్ వాన్ సైకెల్ అను వర్తకుడు పిట్‌హోల్ అను ఊరినుండి సుమారు 5 మైళ్ల పొడవున 2 అంగుళముల ఇనుప గొట్టములను మరలతో బిగించి చమురును పారించినపుడు, జీవనము పోవునని భయపడిన ఆ బండివాండ్రు గొట్టములను విరుగగొట్టిరని చరిత్ర చెప్పుచున్నది. 1879లో టైడ్‌వాటర్ కంపెనీ 6 అంగుళముల గొట్టమును అలెగనీ పర్వతముల మీదుగా నూరుమైళ్లకు పైగా నడిపినపుడును, అతుకులు ఆ మర అతుకులే.

ఆ పద్ధతికి రెండు బలహీనతలు లేకపోలేదు. మర చెక్కినచోట గొట్టపు గోడ పలుచనగును. గొట్టము లావైనకొలది దానిని త్రిప్పి బిగించుటకు మనుష్యబలము చాలదు. బ్రాడ్‌ఫర్డ్ పట్టణమునకు చెందిన సాలమన్ డ్రెస్సర్ 1880 దశకమున రబ్బరు వలయముతో బిగియు కప్లింగును కల్పించి సహజవాయువు కారిపోవుటను కొంతవరకు అరికట్టెను గాని, ఎండకును చలికిని సాగి ముడుచుకొను వేలకొలది అతుకులలో ప్రతిదియు ఎన్నడో ఒకనాడు కారుటకు వేచియున్న రంధ్రమేయని గొట్టపుదారులు కాచువారికి తెలియకపోలేదు. అతుకే లేకుండ చేయుట సాధ్యముగాదు. అతుకును గొట్టముతో ఏకలోహము చేయుట మాత్రము సాధ్యమయ్యెను.

ఆ సాధ్యత ఫ్రాన్సు దేశమునుండి వచ్చినది. ఆక్సిజనును ఎసిటిలీనును కలిపి మండించినచో అత్యుష్ణమైన జ్వాల పుట్టునని 1895లో లె షాటెల్యే అను రసాయనశాస్త్రజ్ఞుడు చూపగా, 1903 ప్రాంతమున ఫూషే, పికార్ అను ఇరువురు ఆ జ్వాలను చేతబట్టి పనిచేయదగిన టార్చిని నిర్మించిరి. 1911లో ఫిలడెల్ఫియా సమీపమున 11 మైళ్ల గ్యాసు గొట్టపుదారిని ఈ జ్వాలతో అతికిరి. 1925లో మాగ్నోలియా కంపెనీ లూసియానా నుండి టెక్సాసునకు 200 మైళ్లకు పైబడిన గ్యాసుదారిని, ఒక్క మరయైన లేకుండ, పూర్తిగా వెల్డింగుతోనే వేసి చూపెను.

సరిగ్గా ఇచ్చటనే మన కథ ఆరంభమగుచున్నది. వెల్డింగు అతుకులో ఒక కొన మరియొక కొనలోనికి దూరదు. రెండు బోడికొనలు మొగమొగాలు చూచుకొని నిలుచును, అంతే. వానిని మధ్యకు తెచ్చు మూతి లేదు, ఒకే అక్షమునకు లాగు మర లేదు. వేయేల, అతుకు బలపడినకొద్దీ అది తన పాతబాధ్యతలలో ఒకదానిని వదలివేసినది. వదలిన ఆ బాధ్యతను పుచ్చుకొనుటకు పుట్టినదే క్లాంపు.

ఆ బాధ్యత ఎంతటిదో తెలిసికొనుటకు ఒక అతుకును దగ్గరనుండి చూడవలెను. గొట్టపు కొనను సుమారు 30 డిగ్రీల వాలుగా చెక్కి, లోపలి అంచున మాత్రము మిల్లీమీటరున్నర మందముగల పెదవిని మిగిల్తురు. రెండు పెదవుల నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచుదురు; దానినే పనివాండ్రు రూట్ గ్యాప్ అందురు. గొట్టము లోనికి మనిషి పోలేడు గనుక వెల్డరు వెలుపలినుండియే ఆ సందులోనికి లోహమును కరిగించి, లోపలి అంచులు రెండింటిని ఒకటి చేయవలెను. ఒక అంచు పైకి, మరియొకటి క్రిందికి ఉన్నచో, అనగా పనివాండ్రు చెప్పు హైలో ఉన్నచో, కరిగిన లోహము ఒక అంచును పట్టి రెండవదానిని విడుచును. అట్లు విడిచిన చోటు పైకి కనబడదు. ఎక్స్‌రే ఫిల్ముపై నల్లనిగీతయై కనబడును, లేదా ఏండ్ల తరువాత పగులై బయటపడును.

చిక్కు ఇంతటితో తీరదు. గొట్టముల పరిమాణమును ప్రమాణములు బయటి వ్యాసముచే నిర్ణయించినవి; గోడ మందము మారినచో ఆ మార్పు లోపలివైపునకే పోవును. 6 అంగుళముల గొట్టపు బయటి వ్యాసము 168.3 మిల్లీమీటర్లు, దాని గోడ, షెడ్యూల్ అని పిలువబడు మందపు తరగతులను బట్టి, షెడ్యూల్ 40లో 7.11, షెడ్యూల్ 80లో 10.97 మిల్లీమీటర్లు. ఈ రెండింటిని బయటినుండి ఎంత చక్కగా కలిపినను లోపల దాదాపు 4 మిల్లీమీటర్ల మెట్టు నిలిచియే యుండును. మందపు గోడను లోపల వాలుగా చెక్కిననేగాని అది తీరదు. ఒకే మందము గల గొట్టములలో సైతము, చుట్టుకొలత 6 మిల్లీమీటర్లు తేడా వచ్చినచో వ్యాసార్ధమున ఇంచుమించు ఒక మిల్లీమీటరు తేడా వచ్చును. ఆ తేడాను క్లాంపు రూపుమాపజాలదు. ఒక్కచోట పోగుపడకుండ చుట్టును సమముగ పంచగలదు. మంచి క్లాంపు చేయు పనిలో సగము ఈ పంపకమే.

తొలినాళ్లలో ఈ పంపకమును కన్నును, సుత్తియు చేసెడివి. గొట్టములను కొయ్యదుంగలపై నిలిపి, త్రిప్పుచు వెల్డుచేసి, మూడు నాలుగింటిని ఒక ముక్కగా కూర్చి, ఆ ముక్కలను కందకములో ఒకదానితో నొకటి అతికెడివారు. వంకర తీయుటకు గొట్టముపై డాగ్ అని పిలువబడు ఇనుపముక్కను వెల్డుచేసి, దాని క్రింద వెడ్జిని సుత్తితో దిగగొట్టి, పైకి లేచిన అంచును అణచెడివారు. పని అయిన పిమ్మట డాగును విరుగగొట్టి, మచ్చను గ్రైండరుతో అరగదీయవలెను. గొట్టమును రక్షించుటకు చేయు అతుకు కొఱకు గొట్టపు ఒంటిపైననే గాయములు చేయుట ఆ పద్ధతిలోని దోషము. గట్టి ఉక్కులలో అట్టి ప్రతి మచ్చయు పగులునకు బీజము కాగలదు. గొట్టమును తాకియు గాయపరచని పట్టు కావలెనన్న కోరికనుండి బయటి క్లాంపులు వెలువడెను.

అవి ఒక్క రూపమున నిలువక, ఎదుర్కొన్న చిక్కును బట్టి మూడు శాఖలుగా చీలెను. చిన్న గొట్టములకు, మోచేతి వంపునకో ఫ్లాంజికో ఒక్క మరత్రిప్పుతో బిగియు సి-క్లాంపు ఏర్పడెను. కర్మాగారములోని ఇరుకుసందులలో ఒక చేతితో పని జరుగవలెనన్నది దాని పుట్టుకకు మూలము. ఒకే కొలత గొట్టములు వందలకొలది అతుకవలసినచోట, రెండు అర్ధవలయములు కీలుపై తెరచుకొని, లివరు వేయగానే మూసికొను కేజ్ క్లాంపు వచ్చెను. వలయములను కలుపు అడ్డకడ్డీల నడుమనుండి వెల్డరు చేయి దూర్చి రూటును, అనగా ఆ సందును పూడ్చు తొలిపొరను, వేయును. అది త్వరితమే గాని ఒక కొలతకు చేసినది మరియొక కొలతకు పనికిరాదు. కొలతలు పలువిధములై, గుండ్రనము చెడిన గొట్టము ఎదురైనచోటుల గొలుసు క్లాంపు రాణించెను. చమురు పరిశ్రమకు కేంద్రమైన ఓక్లహోమాలోని టల్సా నగరమున ఇట్టి క్లాంపుల తయారీ వృద్ధిపొందెను. డియర్‌మన్ అను పేరు నేటికిని సైట్లలో ఒక తరహా క్లాంపునకు మారుపేరై చెల్లుచున్నది.

గొలుసు క్లాంపు పనిచేయు తీరు చూడదగినది. గొలుసును గొట్టము చుట్టును వేసి ఒక మరతో బిగింతురు. గొలుసునుండి అతుకు మీదుగా చాచుకొనియున్న చేతులకు విడివిడిగా మరలుండును. ఫిట్టరు ఫ్లక్సు రాల్చిన వెల్డింగు రాడ్డును వంచి సందులో పెట్టి గ్యాపు నిలుపుకొని, వ్రేలికొనతో అంచు తడవుచు, ఎక్కడ గొట్టము ఉబ్బియున్నదో అక్కడి మరను మాత్రము పావుచుట్టు త్రిప్పును. ఉబ్బు అణగును, ఎదుటి పక్కన మరియొకటి లేచును, అక్కడికి పోయి దానిని అణచును. బయటినుండి చూచువానికి ఇది కాలయాపనగా తోచును గాని, పంపకము జరుగుచున్నది అప్పుడే. స్టెయిన్‌లెస్ గొట్టమైనచో ఆ మరల మొనలు కూడ స్టెయిన్‌లెస్‌వే కావలెను. మామూలు ఇనుము ఒరసినచోట తుప్పు బీజము పడును.

గొట్టములు లావై, దారులు దీర్ఘమైనకొలది బయటి పట్టు చాలకపోయెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను జలాంతర్గాములు చమురునౌకలను ముంచుచుండగా, అమెరికా ప్రభుత్వము 1942–43లలో టెక్సాసునుండి తూర్పుతీరమునకు వేయించిన బిగ్ ఇంచ్ గొట్టము వ్యాసము 24 అంగుళములు. పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్ వరకే దాని పొడవు 1,254 మైళ్లు. ఒక్కొక్క గొట్టము 40 అడుగులనుకొన్నను లక్షన్నరకు పైగా అతుకులు. అట్టి దారులలో గొట్టములను ఒకటి వెనుక ఒకటిగా చేర్చుచు, రూటు వేసిన జట్టు వెంటనే ముందునకు కదలగా, వెనుకజట్లు పైపొరలు నింపుచు వచ్చుట ఆచారమాయెను. ముందుజట్టు ఆగిన, వరుసయంతయు ఆగును. అతుకుపై క్లాంపు కడ్డీలు అడ్డుగానున్న చోటులలో రూటు తెగి, తిరిగి మొదలగుచుండును. తెగిన ప్రతిచోటును ఒక సందేహస్థానము.

ఆ సందేహమునకు సమాధానము గొట్టము లోపల దొరకెను. కుమ్మరి కుండ చఱచునపుడు లోపలి చేయి గోడను ఆపుకొనుచుండగనే వెలుపలి చేయి స్వేచ్ఛగా పనిచేయును. లోపలి క్లాంపు చేయు ఉపకారమును అట్టిదే. చక్రములపై గొట్టములో నడచు ఆ యంత్రమునకు చుట్టును రెండు వరుసల ఉక్కుపాదములుండును. ఒక వరుస ఇప్పటికే వేసిన గొట్టపు కొనలో విచ్చుకొని బిగియగా, సైడ్‌బూమ్ ట్రాక్టరు ఎత్తితెచ్చిన కొత్తగొట్టము రెండవ వరుసపై జారి నిలిచిన పిమ్మట ఆ వరుసయు విచ్చుకొనును. ఆరంభమున దీర్ఘమైన కడ్డీ చివరనున్న లివరుతో చేతిబలమున విప్పెడివారు. తరువాత ఒత్తిడిగాలి ఆ పని పుచ్చుకొనెను. పాదములు లోపలి గోడనే ఒత్తును గనుక రూటుకు కావలసిన లోపలి అంచులే సరిపడును. వెలుపల అడ్డులేదు గనుక వెల్డరు చుట్టును తెగకుండ సాగును. హ్యూస్టనులోని క్రచర్-రోల్ఫ్స్-కమింగ్స్, అనగా సి.ఆర్.సి. సంస్థ, ఇట్టి యంత్రములకు పేరుపొందెను. 1969లో అదియే ఒక అడుగు ముందునకు వేసి, లోపలి క్లాంపుకే వెల్డింగు తలలను అమర్చి, రూటును లోపలినుండియే వేయు స్వయంచాలక పద్ధతిని దారులమీదికి తెచ్చెను.

ఇక మిగిలిన ప్రశ్న, పట్టిన పట్టును ఎప్పుడు విడువవలెనన్నది. త్వరపడి విడిచినచో, ఇంకను పలుచగానున్న రూటుపై గొట్టపు బరువంతయు పడును. చల్లారుచున్న లోహములో హైడ్రోజను చిక్కియున్నచో పగులు రాగలదు. 1953లో వెలువడిన అమెరికా పెట్రోలియము సంస్థవారి (ఏ.పి.ఐ.) 1104 ప్రమాణము, తరువాతి సంస్కరణములతో నేటికిని గొట్టపుదారుల వెల్డింగునకు ఆధారగ్రంథము. బయటి క్లాంపైనచో, చుట్టును సమదూరములలో వేసిన రూటు ముక్కలు మొత్తము చుట్టుకొలతలో సగమునకు తక్కువ కాకుండ పూర్తియైన పిమ్మటనే విడువవలెనని అది చెప్పుచున్నది. లోపలి క్లాంపైనచో, గొట్టము కదలునట్లుగాని అతుకుపై అధికభారము పడునట్లుగాని ఉన్నప్పుడు రూటు పూర్తిగా ముగియువరకు బిగి సడలింపరాదు. సుత్తిపని వీలైనంత తగ్గింపవలెననుటయు అందులోని నియమమే.

మన దేశమున నహర్‌కటియా నుండి బరౌనీ వరకు 1,157 కిలోమీటర్ల చమురుదారి 1960 దశకపు తొలినాళ్లలో వేయబడెను. ఆంధ్రతీరమున కాకినాడ సమీపమునగల గాడిమొగ నుండి తెలంగాణము మీదుగా గుజరాతులోని భరూచి వరకు 48 అంగుళముల గ్యాసుదారి 2009లో పనిలోనికి వచ్చెను. అంత లావుగొట్టమునకు లోపలి పట్టే శరణ్యము. కాని 1957 నాటినుండి విశాఖపట్టణమున నడచుచున్న చమురుశుద్ధి కర్మాగారము వంటి తావులలోను, మన ఫిట్టర్లు వేలకొలదిగా పోయి పనిచేయు గల్ఫు దేశములలోను, పైపుల రాక్‌పై మోచేతులు, టీలు, ఫ్లాంజిలు గుమికూడిన చోట లోపలి క్లాంపు పోవుటకు దారియుండదు. అచ్చట, "రూటు సగం పడేదాకా గొలుసు ముట్టుకోకురా" అని కుఱ్ఱవానికి చెప్పు ఫోర్‌మన్ తాను ప్రమాణగ్రంథమును చదివియుండకపోవచ్చును. దాని సారము మాత్రము అతని నోట నున్నది.

కనుక క్లాంపును ఎన్నుకొనువాడు ధరల పట్టికకు ముందు తన అతుకును విచారింపవలెను. ఇరుకుచోటి చిన్నగొట్టమునకు సి-క్లాంపు, ఒకే కొలత అతుకులు వరుసగా నున్నచో కేజ్ క్లాంపు, గుండ్రనము చెడి కొలతలు మారుచున్నచో గొలుసు క్లాంపు, తెరపిలేని దీర్ఘపుదారికి లోపలి క్లాంపు చెల్లును. ఒక్కొక్కటి ఏ చిక్కును తీర్చుటకు పుట్టెనో ఆ చిక్కు నేటికిని ఎక్కడోయొకచోట సజీవముగా నున్నది; అందుచే వానిలో ఒకటి వచ్చి మరియొకదానిని త్రోసిపుచ్చలేదు. ఒకదాని పనికి మరియొకదానిని పెట్టినవాడు మాత్రము క్లాంపుపై మిగిల్చినదానికి పదిరెట్లు గ్రైండరుపైనను, ఎక్స్‌రేపైనను, తిరుగుపనిపైనను చెల్లించుకొనును.