మడకశిర ప్రాంతపు బోరుబావులు

మడకశిర, గుడిబండ, రొళ్ళ, అగళి, అమరాపురం మండలాల్లో సాగుకూ తాగునీటికీ గట్టిరాతిలో వేసే బావులివి. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోది. రిగ్గు అనగానే చమురుబావులు గుర్తుకు రావచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో చమురు, సహజవాయువుల తవ్వకం ప్రధానంగా కృష్ణా–గోదావరి బేసిన్ అవక్షేప శిలల్లో, దాన్నానుకొన్న సముద్రంలో సాగుతుంది. మడకశిర కింద ఉన్నది ఆర్కియన్ యుగపు నైస్, గ్రానైట్ రాయి. ఇక్కడ రిగ్గు వెతికేది నీటినే.

తవ్వే పద్ధతీ వేరు. కోనసీమ చమురుబావిలో లోపలి పీడనాన్ని బరువైన డ్రిల్లింగ్ బురదతో అదుపులో ఉంచుతారు. 1995 జనవరిలో అక్కడి పాసర్లపూడి బావి ఆ అదుపు తప్పే రెండు నెలలకు పైగా మండింది. మడకశిరలో బురద పని లేదు. కంప్రెసర్ గాలితో అడుగున హ్యామర్ రాతిని పిండి చేస్తుంటే, అదే గాలి ఆ పిండిని పైకి చిమ్ముతుంది. మొదట ఎర్రమన్ను, తర్వాత గరుసు వస్తాయి. అంతవరకు కేసింగ్ పైపు దించి, ఆపై రాతిలోకి దిగుతారు. రైతు కళ్ళన్నీ ఆ పొడి మీదే. ఎగిరే దుమ్ము ఆగి ముద్దగా పడితే చెమ్మ తగిలినట్టు. నీళ్ళు పడితే కాలువ తీసి పారించి, ఎన్ని అంగుళాలో లెక్క కడతారు.

చేతిపంపుల బోర్లు ముందు వచ్చినా, రైతుల పొలాల్లో బోర్లు విస్తరించింది 1980ల తర్వాతేనన్నది ఎక్కువమంది అభిప్రాయం. 2004 నాటి ఉచిత విద్యుత్తు ఆ జోరును పెంచిందంటారు. అయితే వక్కతోటల వంటి ఏడాది పొడవునా తడి కోరే పంటల పాత్రను కూడా తక్కువ చేయలేం. బావులెండి బోర్లు, బోర్లెండి మరింత లోతు బోర్లు వచ్చాయి. వెయ్యి అడుగులు దాటినవీ ఉన్నాయి. గట్టిరాతిలో నీరు పైనున్న శిథిల పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ ఉంటుంది. సాధారణంగా లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి. అడుగుల లెక్కన రిగ్గు బండి బాడుగ మాత్రం, నీళ్ళు పడినా పడకున్నా, పెరుగుతూనే పోతుంది. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాల కథ చాలా చోట్ల ఇక్కడే మొదలవుతుంది.

బోరు వేసే చోటు గుర్తించడానికి, అంటే పాయింట్ పెట్టడానికి, అరచేతిలో కొబ్బరికాయ, వేప పంగలకర్ర నేటికీ వాడుకలో ఉన్నాయి. అలా చూపిన చోట నీళ్ళు పడిన సందర్భాలు లేకపోలేదు. కానీ వంక పక్కన, చెరువు దిగువన ఎవరు చూపినా ఆ అవకాశం ఎక్కువే. విద్యుత్ నిరోధక సర్వే కూడా తప్పవచ్చు; అయినా రాతి పొరల తీరును కొలిచి చెప్పేది అదే.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం రిగ్గుల నమోదును తప్పనిసరి చేసి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావిని నియంత్రించింది. విఫలమైన బోరు కేసింగ్‌ను మరోచోట వాడుకోవడానికి లాగేస్తే, తెరిచి ఉన్న గుంత మిగిలి పిల్లల ప్రాణాలకు ముప్పవుతుంది. అలాంటి వాటిని మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది.